బొబ్బిలి కిల్లా ఏ స్కేల్‌లో?

ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ మోడళ్ళ షౌక్ పట్టుకుంది నాకు. బచ్‌పన్‌లో మామూ దుబాయ్ నుంచి తెచ్చిన టమియా ట్యాంకుతో మొదలైన పిచ్చి ఇది. దాని 1:35 కొలత వెనక పెద్ద హిసాబేమీ లేదు. 1961లో పాంథర్ ట్యాంకు చేసినప్పుడు మోటారూ బ్యాటరీలూ లోపల పట్టడానికి అంత సైజు కావలసొచ్చింది, అంతే!

ఈసారి జర్మన్ ట్యాంకు వద్దు, మా ఊరి జంగే చేద్దామనుకున్నాను. 1757 జనవరి 24. కిల్లాలో రంగారావు, తాండ్ర పాపారాయుడు. బయట ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు ఫౌజు. అయితే ఆ మట్టికోట ఏ కంపెనీ డబ్బాలోనూ రాదు. సొంతంగా కట్టాలి, ముందు స్కేల్ తేల్చుకోవాలి.

కోట ఒక్కో వైపు 200 గజాలు అనుకుందాం. 1:72లో చేస్తే రెండున్నర మీటర్లు. ఇంట్లో దివాన్ తీసేసినా పట్టదు, బేగం ఒప్పుకోదు. 1:300కి దిగితే రెండడుగుల్లో కోటంతా వస్తుంది. కానీ మనిషి ఆరు మిల్లీమీటర్లు. మొహం ఉండదు.

నాకు మొహాలు కావాలి. బళ్ళో బొబ్బిలి యుద్ధం నాటకం వేసినప్పుడల్లా హైదర్‌జంగ్ వేషం నాకే ఇచ్చేవారు. బుస్సీ దివాను, లంచగొండి, అందరూ తిట్టే పాత్ర. పేరు చూసి పంచిన వేషం అది. అదే ఊరికి బొబ్బిలి అన్న పేరు ఎలా వచ్చిందో మాత్రం ఏ సారూ చెప్పలేదు. షేర్ మహమ్మద్ ఖాన్ గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్, 1641లో శ్రీకాకుళం జామియా మసీదు కట్టించినాయన. ఈ జమీ ఇచ్చిన ఆయన మీది ఎహసాన్‌తో కోటకు ‘బెబ్బులి’ అని పేరు పెట్టుకున్నారట. షేర్ అంటే పులే కదా! 1891లో మహారాజా నిలబెట్టిన యుద్ధ స్తంభం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఈ మాటే ఖయాల్‌కొస్తుంది.

సరే, 1:72 ఖాయం చేశాను. మొత్తం కోట కాదు, ఒక్క బురుజు. ఇరవై అడుగుల గోడ ఎనిమిదిన్నర సెంటీమీటర్లకి దిగుతుంది, మనిషి రెండున్నర సెంటీమీటర్లలోపే. రెవెల్‌వాళ్ళు సప్తవర్ష సంగ్రామం బొమ్మలు చేశారు, ఆస్ట్రియా పదాతిదళం డబ్బా ఒకటుంది. వాళ్ళవీ తెల్లకోట్లే కాబట్టి బుస్సీ ఫ్రెంచివాళ్ళుగా చెల్లిపోతాయి. దేశీ సిపాయిలు, వెలమ దొరల బంట్లు ఏ డబ్బాలోనూ లేరు. వాళ్ళను ఎం-సీల్‌తో చెయ్యాలి. మా గొల్లపల్లి సర్వసిద్ధివారు పనస చెక్కతో చేసే చిట్టి వీణలు చూశాక, చేతి పని మీద భరోసా పెరిగింది. నా మొదటి సిపాయి మాత్రం పగిడీ పెట్టుకున్న చింతగింజలా వచ్చాడు.

పుట్టమన్ను జల్లెడ పట్టి ఉంచాను. బురుజు మీద ఎవరిని నిలబెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. షేర్ ఖాన్ వందేళ్ళ ముందువాడు, ఈ బల్ల మీదికి రాడు. ఆయన కోసం తర్వాత శ్రీకాకుళం మసీదు మొదలుపెట్టాలి, ఇన్షా అల్లాహ్.