మాట వెనుక కథ: ఏజెన్సీ

పాడేరు ఘాట్ ఎక్కితే ‘ఏజెన్సీలోకి వచ్చాం’ అంటాం. జి.మాడుగులలోనూ అదే మాట. అది అడవిలోంచి కాదు, ఒక అధికారి హోదాలోంచి పుట్టింది. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నర్ ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టింది. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. సర్కారు మీద ఫిర్యాదుంటే సర్కారు మనిషి ముందే నిలబడాల్సి వచ్చేది.

న్యాయశాఖను పాలన నుంచి వేరుచేయాలని రాజ్యాంగం 50వ అధికరణం చెప్పింది. అయినా ఇక్కడ గిరిజన భూముల బదలాయింపు కేసులు నేటికీ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గరే నడుస్తాయి. ఆయన బదిలీ ప్రభుత్వం చేతిలోనిదే. ఈ పద్ధతి మారి తీరాలి. స్వతంత్ర కోర్టు ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ చాలు: ఏజెన్సీ వంటి షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకివ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో తేల్చింది ఏజెంటు కాదు, సుప్రీంకోర్టు.