మౌనము చెల్లింపుగా మారిన కథ: ఆటో రెన్యువల్ చందాల పుట్టుపూర్వోత్తరములు

నెలనెలా మన యింటికి వచ్చు పత్రములలో క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు మిక్కిలి తక్కువగా చదువబడునది. మొత్తమెంత, గడువు తేది యేది అను రెండు సంగతులు చూచి ప్రక్కన బెట్టుట అందఱకును అలవాటు. గత యేడాది ఒకనాడు నేనును అట్లే చేయబోవుచుండగా, పెట్రోలు బంకు పద్దునకును కిరాణా దుకాణపు పద్దునకును నడుమ 499 రూపాయల పద్దొకటి కంటబడెను. దాని యెదుట నున్న పేరు నేనెఱిగినది కాదు. వెనుకటి స్టేట్‌మెంట్లు తీసి చూడగా, అదే పద్దు అదే తేదిన పదకొండు మాసములుగా నడచుచున్నది. చాలసేపు ఆలోచింపగా, మనుమరాలి చదువు కొఱకు ఏడు దినములు ఉచితమన్న యొక యాప్‌నకు కార్డు వివరములిచ్చి, ఓటీపీ కొట్టిన మాట జ్ఞప్తికి వచ్చినది. ఎనిమిదవనాడు నేను వద్దనలేదు. వద్దనకపోవుటయే ఔననుటగా ఆ వర్తకుడు గ్రహించెను.

మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలనిరి. వారు సగమే యనిరి. తక్కిన సగమును వ్యాపారము ఎప్పుడు, ఎవరి చేతులమీదుగా తనలో గలుపుకొనెనో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

చందా యను మాట పారసీకమునుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. పదిమంది కలసి యొక కార్యమునకై వేసికొను సొమ్మని దాని యర్థము. గుడి జీర్ణోద్ధారణకును, వినాయక చవితి పందిరికిని నేటికిని మనము వసూలు చేయునవి చందాలే. ఆంగ్లమున దానికి సరియైన సబ్‌స్క్రిప్షన్ అను పదమునకు లాటిను మూలమున ‘క్రింద వ్రాయుట’, అనగా చేవ్రాలు చేయుట యని యర్థము. 1617లో లండనున జాన్ మిన్‌షూ అను పండితుడు తన బహుభాషా నిఘంటువును అచ్చొత్తించుటకు, కొనదలచినవారి పేళ్లను ముందుగా చేర్చుకొని ధనము సమకూర్చుకొనెను. ఆంగ్లదేశమున చందా పద్ధతిని వెలువడిన తొలి గ్రంథముగా దానినే చెప్పుదురు. పేరు వ్రాసినవాడే చందాదారుడు, వ్రాయనివాడు కాడు. చందాకు ప్రాణము చేవ్రాలేయని దీనివలన స్పష్టము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రికయు, 1924లో వారే వెలువరించిన భారతియు తెలుగువారి యిండ్లకు చేరిన కాలమున, చందాయనగా మనియార్డరు, లేదా వి.పి.పి. వాల్యూ పేయబుల్ పోస్టు అను ఈ వి.పి.పి. పద్ధతిని భారత తపాలాశాఖ 1877లోనే ప్రవేశపెట్టినది. తపాలా జవాను కట్టను తెచ్చి అరుగు మీద నుంచును. ఇంటి యజమాని కండ్లజోడు తెప్పించుకొని, కట్టను ఇటునటు త్రిప్పి, పంపినవారెవరో, చెల్లింపవలసిన దెంతయో చదువును. కావలసినచో రూపాయలు లెక్కపెట్టి యిచ్చి పుచ్చుకొనును. వలదన్నచో కట్ట వచ్చిన దారినే తిరిగిపోవును. ఔననుటకొక మాట, కాదనుటకొక మాట. రెంటికిని శ్రమ సమానము. ఈ సమత్వమును పాఠకులు మనసునందుంచుకొందురు గాక, ఏలయన తరువాతి కథ యంతయు అది చెడిన వైనమే.

మౌనమును అంగీకారముగా గొనవచ్చునా యను ప్రశ్నకు న్యాయస్థానము లేనాడో బదులు చెప్పినవి. 1862లో ఆంగ్లదేశమున ఫెల్ట్‌హౌస్, బిండ్లీ యనువారి నడుమ నొక గుఱ్ఱమునుగూర్చి వ్యాజ్యము నడచెను. పాల్ ఫెల్ట్‌హౌస్ తన సోదరుని కుమారునికి జాబు వ్రాయుచు, నీయొద్దనుండి మఱి మాట రానిచో 30 పౌండ్ల 15 షిల్లింగులకు ఆ గుఱ్ఱము నాదేయని తలంతునని తెలిపెను. ఆ యువకుడు బదులు వ్రాయలేదు. గుఱ్ఱమును ప్రక్కన బెట్టుమని మాత్రము వేలముపాటదారుడైన బిండ్లీతో చెప్పెను. బిండ్లీ పొరబాటున దానిని వేలమున అమ్మివేసెను. పెద్దాయన దావా వేయగా, ఎదుటివాని మౌనమునే అంగీకారముగా నిర్ణయించు అధికారము జాబు వ్రాసినవానికి లేదనియు, గనుక గుఱ్ఱము అతనిది కాలేదనియు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. పదేండ్లకు మనదేశమున వెలసిన 1872 నాటి కాంట్రాక్టు చట్టముయొక్క 7వ సెక్షను సైతము, అంగీకారము నిష్కర్షగా నుండవలెననియు, ప్రతిపాదించినవాడు వేఱు రీతిని గోరనిచో వాడుకలోనున్న యుక్తమైన రీతిని వెల్లడి కావలెననియు విధించినది.

ధర్మమిట్లుండగా వర్తకమునకు త్రోవ దొరకిన దెట్లు? 1926లో న్యూయార్కున హ్యారీ షెర్మన్ మొదలగువారు బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్బును స్థాపించిరి. నెలకొక పుస్తకమును నిపుణులు ఏరి సభ్యులకు సూచింతురు. ఆ పుస్తకము వలదనుకొనువారు ముందుగా ఆ మాట వ్రాసి పంపవలెను. పంపనిచో పుస్తకమును, దానితో బిల్లును ఇంటికి వచ్చును. దీనికి నెగెటివ్ ఆప్షన్ అని పేరు కలిగినది. సభ్యుడు చేరునాడే యీ నిబంధనకు ఒప్పుకొన్నాడు గనుక ఇందు వంచన యున్నదనరాదు. కాని శ్రమ చేతులు మారినది. నిన్నటిదాక కొనుటకు పూనుకొనవలసిన మనుష్యుడు, నేడు కొనకుండుటకు పూనుకొనవలసినవాడయ్యెను. మనుష్యస్వభావమునందలి వాయిదా బుద్ధిని, మఱపును మూలధనముగా జేసికొన్న వ్యాపారమునకు ఇదియే పునాది. ఈ పద్ధతి ప్రబలగా, అడుగకయే తపాలాలో పంపిన వస్తువును గ్రహీత బహుమతిగా నుంచుకొనవచ్చునని 1970లో అమెరికా శాసించెను. ఇట్టి క్లబ్బులు వలదని చెప్పుటకు సభ్యునికి పదిదినములైన గడువీయవలెనని 1973లో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమము చేసెను.

అయినను, పుస్తకపు క్లబ్బునకు అందనిది యొకటి యుండెను. అది చందాదారుని డబ్బుసంచి. బిల్లు వచ్చినను చెక్కు వ్రాయుట, మానుట అతని చేతిలోని పని. ఆ తుది యడ్డు కార్డుతో తొలగినది. 1950లో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ న్యూయార్కున డైనర్స్ క్లబ్ కార్డును ప్రారంభించిరి. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున దాదాపు 60,000 కార్డులను, ఎవరును అడుగకయే, తపాలాలో పంచిపెట్టెను; 1976లో వీసా యని పేరు మార్చుకొన్నది ఆ కార్డే. అడుగని కార్డులు పంపరాదని 1970లో నిషేధము వచ్చినది. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టము, బిల్లులో తప్పున్నచో అది వెలువడిన 60 దినములలోపల వ్రాతమూలకముగా ప్రశ్నించు హక్కును కార్డుదారునికి ప్రసాదించెను. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికి నేటికిని ఆ హక్కే అండ.

తరువాత ఇంటర్నెట్ వచ్చి, వర్తకుడు కార్డు వివరములను తనయొద్దనే దాచుకొని నెలనెలా తానే సొమ్ము రాబట్టుకొను వీలు గలిగించెను. పాత కార్డు పోయి క్రొత్తది వచ్చినను, ఆ క్రొత్త సంఖ్యను వర్తకునికి అందజేయు ఏర్పాటు సైతము కార్డు సంస్థలు చేసినవి. కార్డు మార్చితినిగదా యని నిశ్చింతగా నున్నవానికి సైతము పద్దు తప్పలేదు. ఇట్లు ఔననుటకొక మీట చాలగా, కాదనుటకు ఏడు పుటలు దాటవలసిన స్థితి యేర్పడినది.

మనదేశపు కథలో తెలుగువారికి పాలున్నది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, ఈ దేశమున క్రెడిట్ కార్డునకు బాట వేసిన తొలి బ్యాంకులలో నొకటి. 1981లో అది తన కార్డును ప్రవేశపెట్టెను. 2009 ఆగస్టు 1 నుండి ఇంటర్నెట్ చెల్లింపులకు కార్డు సంఖ్య చాలదనియు, రెండవ ధ్రువీకరణము కావలయుననియు రిజర్వు బ్యాంకు నిర్బంధించెను. నేడు ఓటీపీ రూపమున మనము నిత్యము వాడునది ఆ చేవ్రాలే. 2019 ఆగస్టు 21న అదే బ్యాంకు, మరల మరల జరుగు చెల్లింపులకు ఈ-మ్యాండేట్ విధానమును ప్రకటించెను. వాయిదాల తరువాత 2021 అక్టోబరు 1 నుండి అది పూర్తిగా అమలయ్యెను. దాని ప్రకారము మొదటి యనుమతి ఓటీపీతో జరుగవలెను. ప్రతి పర్యాయము సొమ్ము తీయుటకు 24 గంటలు ముందుగా బ్యాంకు సందేశము పంపవలెను. అందుండియే వలదను వీలుండవలెను. 2022 జూన్ నుండి 15,000 రూపాయలకు మించిన చెల్లింపునకు, కొన్ని మినహాయింపులతో, ప్రతిమారును ఓటీపీ తప్పనిసరి యైనది. అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి వర్తకులు కార్డు సంఖ్యలను దాచుకొనుట నిషిద్ధమై, ఆ సంఖ్యకు మాఱుగా సంకేతమును వాడు టోకెన్ల పద్ధతి వచ్చినది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు విధములైన మోసపు పోకడలను నిషేధించి, అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్‌ను పేరెత్తి చేర్చినది. చేరుట సులువు, విడుచుట దుర్లభము చేయు చందాకు చట్టమిచ్చిన పేరది.

కావున నేడు ఇట్టి పద్దు కంటబడినవారికి దారి లేకపోలేదు. ముందుగా వర్తకునితో చందా రద్దు చేయించి, అందుకు ఋజువుగా ఈ-మెయిలునో, తెరయొక్క స్క్రీన్‌షాటునో భద్రపఱచుకొనవలెను. పిదప బ్యాంకు యాప్‌లోని మ్యాండేట్ల పట్టికలో ఆ యనుమతిని తొలగింపవలెను. యాప్‌ను ఫోనునుండి తీసివేసినంతమాత్రమున మ్యాండేట్ పోదని మఱవరాదు. మఱచిన చందా వేఱు, అసలే యీయని యనుమతి వేఱు. రెండవదైనచో ఒక్కదినమైనను ఆగక బ్యాంకునకు తెలిపి ఫిర్యాదు సంఖ్య తీసికొనవలెను. తప్పు ఖాతాదారునిది గాని బ్యాంకుది గాని కాక మూడవవారివలన జరిగినపుడు, మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టబాధ్యత లేదని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే యాదేశించినది. ముప్పది దినములలో బ్యాంకు బదులీయకున్నను, ఇచ్చిన బదులు సంతృప్తికరము కాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. వర్తకునిపై ఫిర్యాదునకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను సంఖ్య 1915.

నా 499 రూపాయల పద్దునకు ముందు సైతము బ్యాంకు పదకొండు పర్యాయములు సందేశము పంపియున్నది. తరువాత వెదకగా, ప్రకటనల రాశి నడుమ చదువబడక అన్నియు అట్లే పడియున్నవి. చట్టము తపాలా జవానును మరల మన యరుగు మీదికి తెచ్చి నిలిపినది. కండ్లజోడు తెప్పించుకొని చదువుట మాత్రము మన వంతు. పాఠకులారా, ఈ రాత్రియే మీ కార్డు స్టేట్‌మెంటును మొదటి పద్దునుండి తుది పద్దువఱకు చదువుడు. ఎఱుగని పేరు కనబడినచో, వలదను మాటను నోరార చెప్పుడు.