అరిగినకొద్దీ పెరిగిన ఇంజిన్

పల్నాడులో బోరు అంటే ముందు గుర్తొచ్చేది నీళ్ళ బోరే. సాగర్ కాలవ అందని మెట్ట పొలాల్లో ఎన్ని అడుగులు వేస్తే ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయన్నదే చాలా ఇళ్ళలో పెద్ద కబురు. ఆ మాటకి ఇంకో అర్థం గ్యారేజీల్లో వినిపిస్తుంది. "బోరు పోయింది, కొట్టించాలి" అంటాడు మేస్త్రీ. ఒకచోట తొలిచేది నేలని, ఇంకోచోట ఇనుముని. నేను రాస్తున్నది ఈ రెండో బోరు గురించి. అదీ ముఖ్యంగా అంబాసిడర్ కారు పెట్రోలు ఇంజిన్‌కి కొట్టించిన బోర్ల గురించి.

అంబాసిడర్ చరిత్ర అనగానే మనకి ఒకే కథ చెబుతారు. ఉత్తరపారా ఫ్యాక్టరీ, బిర్లాలు, లైసెన్స్ రాజ్, మంత్రుల తెల్ల కార్లు, 2014 మే 24న ఆగిపోయిన ఉత్పత్తి. అంతా నిజమే, కానీ అది ఫ్యాక్టరీ గేటు దాకా ఉన్న కథ. గేటు దాటాక ఆ కారు ఇంకో ముప్ఫై నలభై ఏళ్ళు బతికింది. ఆ బతుకంతా నరసరావుపేట, పిడుగురాళ్ళ, గుంటూరు లేత్ షాపుల్లో, పెద్ద పని పడితే విజయవాడ ఆటోనగర్‌లో గడిచింది. ఆ చరిత్ర రాసినవాళ్ళు తక్కువ. రాసిన కొద్దిమందీ దాన్ని 'జుగాడ్' అనే మాటలో చుట్టేసి వదిలేశారు. నాకు ఆ మాట నచ్చదు. జుగాడ్ అంటే ఏదో ఒకటి కట్టి నడిపించడం. బోరు కొట్టడం అంగుళంలో వెయ్యో వంతు లెక్కతో చేసే పని.

ముందు ఇంజిన్ వంశం చెప్పుకోవాలి. ఇంగ్లండులో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. ఆ ఉమ్మడి కుటుంబానికి ఆస్టిన్ వైపు నుంచి వచ్చిన ఆస్తి 'బి సిరీస్' ఇంజిన్. నాలుగు సిలిండర్లు, పోత ఇనుము బ్లాకు, పోత ఇనుము హెడ్డు, 1489 సీసీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే మన దగ్గర 1957లో అంబాసిడర్ అయింది. మొదట్లో దాని కింద ఉన్నది పాత సైడ్ వాల్వ్ ఇంజిన్. 1959లో బి సిరీస్ వచ్చింది. అక్కడ్నించి దశాబ్దాల పాటు అదే. ఇదే కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు ఇంగ్లండులో ఎంజీ స్పోర్ట్స్ కార్లలోకి వెళ్ళి 1588, 1622, చివరికి 1798 సీసీ దాకా పెరిగారు. ఉత్తరపారాకి వచ్చిన పిల్లవాడు మాత్రం ఫ్యాక్టరీలో 1489 దగ్గరే ఆగిపోయాడు. పెరగడం ఫ్యాక్టరీ బయట జరిగింది.

ఎలాగో అర్థం కావాలంటే అరుగుదల తెలియాలి. పిస్టన్ సిలిండర్‌లో పైకీ కిందకీ ఆడుతుంది. పైకొస చేరినచోట మంట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అక్కడే గోడ ఎక్కువ తినేస్తుంది. అదీ గుండ్రంగా కాదు. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా తోసే వైపున ఎక్కువ అరిగి, బోరు కోడిగుడ్డు ఆకారంలోకి తిరుగుతుంది. రింగు చేరని పైఅంచు మాత్రం కొత్తగానే ఉండిపోతుంది కాబట్టి అక్కడ చిన్న మెట్టు తేలుతుంది. హెడ్డు ఊడదీయగానే మేస్త్రీ గోరు పెట్టి గీసి చూసేది ఆ మెట్టునే. గోరు తట్టుకుందంటే సంగతి సగం తెలిసిపోయినట్టే. మిగతా సగం డయల్ గేజ్ చెబుతుంది. ఈలోపు కారు యజమానికి తెలిసేది వేరే భాషలో: బండి ఆయిల్ తాగుతోంది, నీలం పొగ కొడుతోంది, పికప్ లేదు.

పల్నాడు ఈ అరుగుదలకి తన వంతు చేసింది. ప్రతి మే నెలా వార్తల్లో రెంటచింతల పేరు ఎందుకొస్తుందో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంగ్లండు చలిలో గీసిన రేడియేటర్‌ని ఆ ఎండలో, మాచర్ల రోడ్డు మీద ఆరుగురిని ఎక్కించుకుని నడపాలి. నీళ్ళు మరుగుతాయి. పైపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు నిలబడే డ్రైవర్లు ఒక తరం వాళ్ళందరికీ గుర్తే. దీనికి మేస్త్రీలు వాడిన మందుల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచిది, రేడియేటర్‌లో ఇంకో వరస గొట్టాలు వేయించడం. చెడ్డది, థర్మోస్టాట్ పీకి పారేయడం. అది తీసేస్తే వేసవిలో నిశ్చింత అనిపిస్తుంది, కానీ మిగతా కాలంలో ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి గోడల మీద ఆయిల్ పలచబడి బోరు ఇంకా తొందరగా అరుగుతుంది. అంటే మరిగే జబ్బుకి వేసిన మందే బోరు జబ్బుని తెచ్చేది.

దుమ్ము సంగతి తమాషా. పిడుగురాళ్ళ సున్నం బట్టీలూ, మాచర్ల వైపు నాపరాయి గనులూ చూసి, ఇంజిన్‌ని తినేది ఆ తెల్ల దుమ్మే అనుకుంటాం. కానీ సున్నపురాయి పోత ఇనుము కన్నా మెత్తనిది. అది ఎయిర్ ఫిల్టర్‌ని పూడుస్తుంది తప్ప బోరుని కోయలేదు. కోసేది ఇసుక. కంటికి ఆనని ఆ రేణువే ఇనుము కన్నా గట్టిది.

సరే, బోరు పోయింది. ఇప్పుడేం చేస్తారు? అసలు బోరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. అరిగి వంకర తిరిగిన గోడని గుండ్రంగా చెక్కాలంటే కాస్త పెద్దది చేయక తప్పదు. ఆ కాస్త ఎంతో ఇంజిన్ గీసినవాళ్ళే ముందుగా అనుకుని పెట్టారు: అంగుళంలో వెయ్యో వంతు లెక్కన పది, ఇరవై, ముప్ఫై, నలభై. ఆ సైజుల్లో పిస్టన్లూ రింగులూ దొరుకుతాయి. మద్రాసులో ఇండియా పిస్టన్స్ 1949లోనే మొదలైంది కాబట్టి అవి ఇంగ్లండు నుంచి రావలసిన అవసరం లేకపోయింది. మంచి షాపువాడు ముందు పిస్టన్లు తెమ్మంటాడు. పెట్టె మీద ఉన్న అంకెని నమ్మడు, ఒక్కో పిస్టన్నీ మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు దాని బోరు కొడతాడు. తర్వాత హోనింగ్. గోడ మీద అడ్డదిడ్డంగా కనపడే సన్నటి గీతలు చూసి పని సరిగ్గా చేయలేదనుకునేరు, ఆ గీతల్లోనే ఆయిల్ నిలబడుతుంది. క్రాంకు సంగతి దీనికి తిరగబాటు. దాన్ని గ్రైండింగ్ చేసినకొద్దీ సన్నబడుతుంది, బేరింగ్ షెల్స్ మందం అవుతాయి.

ఇక్కడొక చిన్న లెక్క వేద్దాం. నలభై సైజు దాకా వెళ్ళిన బోరు 74.041 మిల్లీమీటర్లు. పిస్టన్ నడిచే దూరం 88.9 మిల్లీమీటర్లు, అది మారదు. గుణిస్తే నాలుగు సిలిండర్లకి కలిపి సుమారు 1531 సీసీ. అంటే అరిగి, పొగ కొట్టి, చచ్చిపోయిందనుకున్న ఇంజిన్ కొత్తప్పటి కన్నా 42 సీసీ పెద్దదై లేచింది. అంతే కాదు. కంప్రెషన్ నిష్పత్తి మొదట 7.2 అనుకుంటే, హెడ్డు ముట్టుకోకుండానే అది 7.4 దగ్గరికి చేరుతుంది. గ్యాస్కెట్ కాలి హెడ్డు వంగి ఉంటే దాన్ని ఎలాగూ లేత్ మీద సమం చేయించాలి, అప్పుడు ఇంకొంచెం పెరుగుతుంది. బాగుచేయడం ఎక్కడ ఆగి, మెరుగుచేయడం ఎక్కడ మొదలవుతుందో ఈ ఇంజిన్‌లో గీత గీసి చూపించలేం. "బోరు కొట్టించాక బండి ముందుకన్నా బాగా లాగుతోంది" అని కోటప్పకొండ ఘాట్ ఎక్కి వచ్చిన డ్రైవర్ చెబితే, అందులో కొంత కొత్త రింగుల మహిమ, కొంత మాత్రం నిజంగా లెక్కలోదే.

మరి ఇంకా ఎందుకు పెంచలేదు? ఎంజీ కార్లకి చేసినట్టు రెండు కార్బురేటర్లు పెట్టి, కామ్ మార్చి పరిగెత్తించవచ్చు కదా అని ఈ తరం కుర్రాళ్ళు అడుగుతారు. దానికి జవాబు క్రాంకులో ఉంది. 1489 ఇంజిన్‌లో అంత పొడుగు క్రాంకుని మోసేవి మూడే మెయిన్ బేరింగులు. వేగం పెరిగినకొద్దీ అది మధ్యలో విల్లులా ఊగుతుంది. ఇంగ్లండువాళ్ళే 1798 ఇంజిన్‌కి తర్వాత అయిదు బేరింగులు పెట్టుకున్నారు. అందుకని తెలిసిన మేస్త్రీ ఎప్పుడూ కొద్దిగానే మెరుగుపెట్టాడు: కాస్త కంప్రెషన్, మంచి రేడియేటర్, డైనమో బదులు ఆల్టర్నేటర్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. వెనక నుంచి ఆయిల్ చుక్కలు కారడాన్ని అసలు పట్టించుకోలేదు. ఆ ఇంజిన్‌కి వెనక వైపు సరైన సీలే లేదు, ఆయిల్‌ని వెనక్కి తిప్పే మర గాడి ఒక్కటే ఉంది. అది జబ్బు కాదు, పుట్టుమచ్చ.

నలభై కూడా దాటితే? అప్పుడు బ్లాకులో లైనర్లు దించి మళ్ళీ స్టాండర్డ్ బోరు కొడతారు. ఇంజిన్ 1489కి తిరిగొస్తుంది, లెక్క మొదటి నుంచి మొదలు. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ప్రతి మార్పుకీ మేం ఒక వెర్షన్ నంబర్ తగిలిస్తాం. వీళ్ళదీ అదే అలవాటు, పిస్టన్ తల మీద 020, 040 అని గుద్ది ఉంటుంది. కాకపోతే హెడ్డు ఊడదీస్తే తప్ప ఎవరికీ కనపడదు.

ఈ దారి పట్టనివాళ్ళే ఎక్కువమంది. పెట్రోలు ధర కుంగదీశాక చాలామంది బ్లాకునే దించేసి డీజిల్ ఎక్కించారు. 1980 ప్రాంతంలో కంపెనీయే బి సిరీస్ డీజిల్‌తో కారు తెచ్చింది, బలం దాదాపు 37 హార్స్‌పవర్, అంటే ఎడ్లబండికి కాస్త మెరుగు. అది చాలనివాళ్ళు మటాడోర్ వ్యాన్ ఇంజిన్ వేయించుకున్నారు. ట్యాక్సీ తిప్పుకుని పిల్లల్ని చదివించినవాళ్ళని ఈ విషయంలో తప్పు పట్టడం అన్యాయం. కానీ దాని ఫలితం ఇప్పుడు తెలుస్తోంది. పాత అంబాసిడర్‌ని మళ్ళీ పెట్రోలుకి తెచ్చుకుందామంటే కారు దొరికినంత తేలిగ్గా దాని బ్లాకు దొరకడం లేదు. కిలోల లెక్కన ఇనుముకి పోయింది.

మిగిలిన పెట్రోలు ఇంజిన్లకి తర్వాతి దెబ్బ బయటి నుంచి వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు. ప్రజల ఆరోగ్యానికి అంతకన్నా మంచి పని లేదు. ఈ ఇంజిన్‌లో మాత్రం వాల్వు కూర్చునే పీట విడిగా ఉండదు, హెడ్డు ఇనుములోనే చెక్కి ఉంటుంది. ఇన్నాళ్ళూ సీసం మిగిల్చిన పొర ఆ పీటకీ వాల్వుకీ మధ్య మెత్తలా పనిచేసింది. అది పోయాక ఎగ్జాస్టు వాల్వు మెల్లగా హెడ్డులోకి దిగబడుతుంది. దిగినకొద్దీ ట్యాపెట్ సందు మూసుకుపోతుంది, చప్పుడు తగ్గుతుంది. పాత అంబాసిడర్ నిశ్శబ్దమైతే సంతోషించకూడదు. కొన్నాళ్ళకి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. దీనికి విరుగుడు, హెడ్డులో గాడి తొలిచి గట్టి ఉక్కు సీటు రింగులు దించడం. ఇది కూడా బాగుచేయడమే, ఇది కూడా మార్పే. ఇప్పుడు ఇథనాల్ వంతు. పాత రబ్బరు పైపులూ పంపు డయాఫ్రమ్‌లూ దానికి ఉబ్బి చీలుతాయి. అవీ మార్చక తప్పదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వడం అంటే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి ఒక నిర్వచనం ఇచ్చింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసీకి గానీ బాడీకి గానీ ఇంజిన్‌కి గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. అలాంటివాటికి ఇరవై వేల ఫీజుతో 'వీఏ' అక్షరాలున్న నంబర్ ఇస్తారు, రోజువారీ తిప్పకూడదు. చట్టం ఉద్దేశం అర్థమవుతుంది. కానీ అది మనసులో ఊహించుకున్న కారు గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకున్న జమీందారు కారు. పల్నాడు ట్యాక్సీ స్టాండులో యాభై ఏళ్ళు బతికిన కారు మారకుండా బతకలేదు. ఆ లెక్కన చూస్తే, తెలుగు రాజకీయ చరిత్రలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన పాత బండి, ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం, 1940 నాటి షెవర్లే వ్యాను, కూడా నిలబడదు. దాన్ని చరిత్రలో నిలబెట్టింది దాని బాడీకి చేసిన మార్పే మరి.

నలభై బోరు మార్పు కిందకి వస్తుందా, రిపేరు కిందకి వస్తుందా? కంపెనీ అనుమతించిన సైజే కాబట్టి రిపేరు అంటాను నేను. ఉక్కు సీట్లు? ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్? ఒక్కోటీ అడిగినకొద్దీ జవాబు కష్టమవుతుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు హెడ్డు ఊడదీయరు కాబట్టి ఆ కష్టం వాళ్ళకి లేదు. వాళ్ళు చూసేది బ్లాకు మీద ఇంజిన్ నంబర్, అది మారలేదు. చేతిలో ఉన్న ఆర్‌సీ మీద 1489 సీసీ అని ఉంటుంది. లోపల 1531.