కీళ్లవాత చికిత్సను మలుపు తిప్పిన రవీందర్ మైనీ

రుమటాయిడ్ కీళ్లవాతంలో శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడి చేస్తుంది. 1937లో పంజాబ్‌లోని లూథియానాలో జన్మించిన రవీందర్ మైనీ, లండన్‌లోని కెన్నెడీ రుమటాలజీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్‌తో కలిసి దీనిపై పరిశోధన చేశారు.

టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటే వాపును పెంచే ఇతర సంకేతాలూ తగ్గుతాయని రోగుల కీళ్ల కణాలపై ప్రయోగాల్లో తేలింది. 1992లో ఛేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో ఆరంభించిన తొలి ప్రయోగంలో, ఇతర మందులకు లొంగని 20 మందికి టీఎన్ఎఫ్‌ను నిరోధించే యాంటీబాడీని ఇచ్చారు. నొప్పి, వాపు గణనీయంగా తగ్గాయి. మందు ప్రభావం తీరాక వ్యాధి తిరగబెట్టింది. అందుకే చికిత్సను కొనసాగించవలసి ఉంటుంది.

ఈ కృషికి ఇద్దరికీ 2003లో లాస్కర్ పురస్కారం లభించింది.

శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను అణచి ఉంచేదీ టీఎన్ఎఫే. కనుక ఈ మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.