గ్రామసభ ముందు పెట్టని ప్రశ్న: ఊరి దీర్ఘకాల ప్రణాళికలో ఊరివాళ్ల స్థానం

గ్రామసభలపై వచ్చిన పరిశోధనల్లో ఒక నిర్ధారణ దాదాపు ఆచారంగా స్థిరపడిపోయింది. ఊరివాళ్లకు దూరపు చూపు ఉండదనీ, వాళ్లు అడిగేదల్లా సీసీ రోడ్డు, మురికికాలువ, వీధిదీపం, పింఛను మాత్రమేననీ, పాతికేళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలన్నది నిపుణులు తేల్చాల్సిన విషయమనీ దాని సారాంశం. విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో గ్రామసభ తీర్మానాలను పట్టికగా వేసి, కాలువలెన్ని, రోడ్లెన్ని అని లెక్కగట్టి ఈ ముగింపుకే వస్తారు. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క నుంచి ఊరివాళ్ల బుద్ధికి కొలత తీయడం తప్పు. ఈ వ్యాసం వాదన ఆ కొలతతోనే.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్, ఝరాసంగం మండలాల్లో క్షేత్ర పర్యటన చేస్తున్నప్పుడు ఈ సందేహం మొదలైంది. అక్కడి గ్రామసభల్లో పంచాయతీ కార్యదర్శి నిరుటి తీర్మానాలు చదువుతారు. ఆ తర్వాత ఈ ఏడు పెట్టాల్సిన పనులేమిటని అడుగుతారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు తమ వాడకట్టు కాలువ పేరు చెబుతారు. ఇంజనీరు అంచనా వేయగల పని అయితే పుస్తకంలోకి ఎక్కుతుంది, కాకపోతే ఎక్కదు. సభ ముగిసి ఆఫీసు జీపు వెళ్లిపోయాక అదే చెట్టు కింద అదే మనుషులు వేరే సంగతులు మాట్లాడుకుంటారు. చెలకలో జొన్న వేసేవాళ్లు తగ్గితే పశువులకు చొప్ప ఎక్కడిదని, పిల్లలు హైదరాబాద్ పోయి స్థిరపడితే పొలం ఎవరు దున్నుతారని, చెరుకు పెట్టిన భూమి పదేళ్లకు ఏమవుతుందని లెక్కలు వేస్తారు. ఇవి ఒక తరాన్ని దాటి చూసే లెక్కలు. వీటిలో ఒక్కటీ తీర్మానాల పుస్తకంలో ఉండదు. ఆ పుస్తకంలో వీటికి గడి లేదు.

గడి లేకపోవడానికి కారణం డబ్బు కదిలే దారి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకు ముడిపెట్టింది. మిగిలిన 40 శాతాన్ని కూడా జీతభత్యాలకు వాడే వీలు లేకుండా చేసింది. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు పని పేరు, రంగం, పథకం, అంచనా వ్యయం నింపాలి. వచ్చే డబ్బు కాలువకని ముందే రాసి ఉన్నప్పుడు ఊరివాళ్లు కాలువే అడుగుతారు. అది ఇంగితం. ఆ ఇంగితాన్ని దూరదృష్టి లేకపోవడంగా చదివే పరిశోధకులు సభ జరిగిన తీరును చూడలేదని చెప్పక తప్పదు.

ఇక్కడే మానవశాస్త్రవేత్త డేవిడ్ మాస్‌తో తేల్చుకోవాల్సిన విషయం ఉంది. బిల్ కుక్, ఉమా కొఠారీ సంపాదకత్వంలో 2001లో వచ్చిన ‘పార్టిసిపేషన్: ది న్యూ టిరనీ?’ సంకలనం భాగస్వామ్య పద్ధతులపై విమర్శకు మూలగ్రంథమైపోయింది. అందులో మాస్ రాసిన అధ్యాయాన్ని ఉదహరించకుండా ఈ రంగంలో వ్యాసం రాయడం లేదు ఎవరూ. పశ్చిమ భారతంలో భిల్లుల ప్రాంతాల్లో బ్రిటిష్ సాయంతో నడిచిన వ్యవసాయ ప్రాజెక్టులో ఆయన సలహాదారుగా పనిచేసి, దగ్గరగా చూసి చెప్పిన మాట ఇది: ప్రజల అవసరాలుగా కాగితాలకెక్కేవి నిజానికి ప్రాజెక్టు ఇవ్వగలిగినవే. ఊరివాళ్లు ఎదుటివాడి చేతిలో ఏముందో చూసి దాన్నే అడుగుతారు. కనుక ప్రజాజ్ఞానం అనేది ప్రణాళికకు ముందే ఊళ్లో ఉండి, ఎవరో వచ్చి వెలికితీసేది కాదు. ప్రణాళికే దానికి రూపమిస్తుంది. అంతకు ముందు 1994లోనే ఆయన బహిరంగ సభల్లో ఆడవాళ్ల మాట ఎలా మరుగున పడుతుందో చూపించారు.

పరిశీలనగా ఇది గట్టిది. పైన చెప్పిన కాలువ కథకు ఇదే వివరణ. కానీ మాస్ చూసింది ఇచ్చే చెయ్యి ఒకటే ఉన్న చోటు. అక్కడ ఊరివాళ్ల ముందు ఉన్నది ఒకే దారి, దాన్ని తీసుకోవడమో మానడమో. అలాంటి చోట తేలిన విషయాన్ని భాగస్వామ్యం మొత్తానికీ చాటడం ఎలా సాధ్యం? రెండు మూడు భవిష్యత్తులను ఎదురెదురుగా నిలబెట్టి, వాటిని తెచ్చినవాళ్లను నిలదీసే హక్కు ఊరివాళ్లకిస్తే ఏం జరుగుతుందన్న ప్రశ్న ఆ అధ్యాయంలో లేదు. ఆయనను ఉదహరించే మనవాళ్లు ఇంకా ముందుకు పోయారు. ప్రశ్న అడిగేవాడి గురించి ఆయన చెప్పినదాన్ని జవాబు చెప్పేవాళ్ల మీదకు నెట్టారు. గ్రామీణులకు స్వతంత్రమైన ఆకాంక్ష లేదని ఆయన పేరుతో రాస్తున్నారు. ఈ అపవాదుకు జవాబు తెలుగు నేల మీదే ఉంది. మన పరిశోధకులు దాన్ని పక్కన పెట్టేశారన్నది నా బాధ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 జనవరి 1న జన్మభూమి కార్యక్రమం మొదలైంది. అధికారులు ఊళ్లకు వచ్చారు, శ్రమదానాలు జరిగాయి, అర్జీలు తీసుకున్నారు. రెండేళ్లకు, 1999 జనవరిలో, మెకిన్సీ కన్సల్టెన్సీ సంస్థ సహకారంతో తయారైన రాష్ట్ర దార్శనిక పత్రం విజన్ 2020 వెలువడింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆనాటి పాలన ఊరివాళ్లకు ఏ స్థానమిచ్చిందో తెలుస్తుంది. పని చిన్నదైతే జనాన్ని అడిగారు, కాలం పెద్దదైతే కన్సల్టెంట్లను అడిగారు. బడి గోడకు సున్నం కొట్టే విషయంలో ఊరి మాట కావాలి. వ్యవసాయం మీద బతికేవాళ్లు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలన్న విషయంలో అక్కర్లేదు. ఈ పని విభజన అప్పుడు మొదలై ఈనాటికీ చెదరలేదు.

దానికి ఎదురు నిలిచిన ప్రయోగం ప్రజాతీర్పు. 2001 జూన్ చివరలో, అప్పటి మెదక్ జిల్లాలో జరిగింది. రాష్ట్రంలోని వివిధ ప్రాంతాల నుంచి వచ్చిన చిన్న, సన్నకారు రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమంది దళితులు, ఆదివాసులు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జీవవైవిధ్య రక్షణకు పనిచేసే రాష్ట్రస్థాయి కూటమి, లండన్‌లోని ఐఐఈడీ, ససెక్స్‌లోని ఐడీఎస్ అనే పరిశోధన సంస్థలు నిర్వాహకుల్లో ఉన్నాయి. విచారణ సక్రమంగా జరుగుతోందో లేదో చూడటానికి న్యాయరంగంలో అనుభవమున్నవారు కూడా ఉండేలా పర్యవేక్షక బృందాన్ని పెట్టారు. మిషెల్ పింబర్ట్, టామ్ వేక్‌ఫర్డ్ 2002లో దీనిపై నివేదిక ప్రచురించారు.

ఈ విచారణలో అన్నిటికన్నా విలువైనది ప్రశ్న పెట్టిన తీరు. మీకేం కావాలని జ్యూరీని అడగలేదు. మూడు భవిష్యత్తులను వీడియోల ద్వారా చూపించారు. ఒకటి విజన్ 2020 చెప్పినది: యంత్రాలు, భూముల ఏకీకరణ, కాంట్రాక్టు వ్యవసాయం, జన్యుమార్పిడి విత్తనం. రెండోది సేంద్రియ పంటలు పండించి విదేశాలకు ఎగుమతి చేయడం. మూడోది స్థానిక వనరులు, స్థానిక తిండి మీద ఆధారపడే స్వావలంబన. ప్రతి దారికీ వాదించేవాళ్లు సాక్షులుగా వచ్చారు. ప్రభుత్వం వైపు వారు, విత్తన కంపెనీ వైపు వారు, శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సంస్థల వారు జ్యూరీ ముందు నిలబడి జవాబు చెప్పుకున్నారు. మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలన్న నిబంధన కూడా లేదు. ముక్కలు తీసుకుని కలుపుకోవచ్చు, అన్నీ కాదని తమదే చెప్పుకోవచ్చు.

జ్యూరీ తమదే చెప్పుకుంది. నేలసారం, పలురకాల పంటలు, పశువులు, చెట్లు నిలబడాలని, సొంత జ్ఞానం, సొంత నైపుణ్యాల మీద వ్యవసాయం సాగాలని, వనరులపై ఊరి సముదాయాల పెత్తనం ఉండాలని కోరింది. భూమి మీద బతికేవాళ్లను 40 శాతానికి తగ్గించడాన్ని, కమతాలను కొద్దిమంది చేతుల్లోకి చేర్చడాన్ని, కాంట్రాక్టు సాగును, కూలి పనిని తినేసే యంత్రాలను వ్యతిరేకించింది. బీటీ పత్తిని, విటమిన్-ఏ వరిని వద్దంది. ఔషధ మొక్కల మీద తమ అదుపు పోవడాన్నీ, వాటి ఎగుమతినీ ఒప్పుకోలేదు.

ఈ తీర్పులో రోడ్డు లేదు, కాలువ లేదు. అవి అక్కర్లేనివారని కాదు. గ్రామసభలో కూర్చుంటే వాళ్లూ కాలువే అడిగేవారు. ప్రశ్న మారింది, జవాబు మారింది. భూమి యాజమాన్యం, శ్రమ, విత్తనం, తిండి, జ్ఞానం అనే ఐదింటినీ ఒకదానితో ఒకటి ముడివేసి చూసిన పత్రం ఇది. ప్రణాళికా శాస్త్రంలో దార్శనిక పత్రానికి ఉండాల్సిన లక్షణాలేవీ ఇందులో లోపించలేదు. పైగా కాలంతో పందెం వేసి నిలిచింది. దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో, అంటే ఈ తీర్పు తర్వాత. వీళ్లు నిలబెట్టాలన్న పలురకాల మెట్టపంటల్లో చిరుధాన్యాలకు గుర్తింపుగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించింది. నిపుణుల విజన్ కన్నా పల్లె స్త్రీల చూపు ఎక్కువ దూరం పోయిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

కొద్దిమంది జ్యూరీ కోట్లమందికి ప్రతినిధి కాదని, నిర్వాహకుల మొగ్గు మూడో దారి వైపే ఉందని విమర్శలొచ్చాయి. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌కు సాయమందిస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ సహాయ సంస్థ డీఎఫ్ఐడీ నుంచి నివేదికపై అభ్యంతరాలు వచ్చాయి, సాక్ష్యం బలం మీద చాలా చర్చ నడిచింది. ఆ విమర్శలో పస ఉంది. కానీ ఇదే కొలతను విజన్ 2020కి ఎవరూ పెట్టలేదు. దాన్ని రాసినవాళ్లు ఎవరికి ప్రతినిధులు?

ప్రజాతీర్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అదే మెదక్ జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు అప్పటికే ఏళ్ల తరబడి బీడు భూములు సాగులోకి తెచ్చారు, విత్తనాలు దాచి పంచుకున్నారు, తమ జొన్నలతో తమదే చౌకధరల దుకాణం నడిపారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఊరూరా తిరుగుతుంది. కొర్ర, సామ, తైద, పచ్చజొన్న, అనుములు, అవిశెలు బుట్టల్లో అమర్చి చూపిస్తారు. బండి ఆగిన ప్రతి ఊళ్లో ఏ విత్తనం మిగిలింది, ఏది పోయింది, వచ్చే ఏడు ఎవరు వేస్తారన్న చర్చ జరుగుతుంది. ఊరి పాతికేళ్ల ప్రణాళిక ఇదే. అది పోర్టల్‌లో లేదు కాబట్టి మన పట్టికల్లోకి రాలేదు.

కేరళ 1996లో మొదలుపెట్టిన ప్రజాప్రణాళిక ఈ సంగతిని కొంత గుర్తించింది. ప్రణాళిక నిధుల్లో 35-40 శాతం స్థానిక సంస్థలకిచ్చి, ప్రతి పంచాయతీ తన అభివృద్ధి నివేదిక తానే రాసుకుని, దానిపై సదస్సు పెట్టుకున్నాకే పనుల్లోకి దిగాలంది. ఊరి చరిత్ర, వనరులు ముందు, పనులు తర్వాత. మన దగ్గర తెలంగాణ 2014లో చేపట్టిన ‘మన ఊరు - మన ప్రణాళిక’ నేరుగా పనుల ప్రాధాన్యంతోనే మొదలైంది.

ప్రశ్న పెట్టకపోతే వచ్చే నష్టం ఎంతటిదో తెలియాలంటే మొదట చెప్పిన సంగారెడ్డి జిల్లాకు మళ్లీ రావాలి. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలం (నిమ్జ్) తలపెట్టారు. ఊరి రూపాన్ని శాశ్వతంగా మార్చే నిర్ణయం అది. దాని మీద ఊరివాళ్లకు చట్టం ఇచ్చే ముఖ్యమైన అవకాశం పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కోరం అవసరం లేదు. ఎంతమంది వచ్చినా రాకపోయినా సభ జరిగినట్టే. ప్రత్యామ్నాయంగా ఆ భూమిలో ఇంకేం చేయవచ్చో పోల్చి చూపే బాధ్యతతో అక్కడికి ఎవరూ రారు. వచ్చినవాళ్లు అవునో కాదో చెప్పి వెళ్లాలి. కాలువల సభకూ ఈ సభకూ మధ్య, ఊరు ఎలా ఉండాలో ఊరివాళ్లు కూర్చుని తేల్చుకునే సభ ఒకటి మన చట్టాల్లో ఎక్కడా లేదు. రాజ్యాంగం 243-జి అధికరణంలో ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయాల ప్రణాళిక పంచాయతీల పని అని రాసుకున్నాం. 243-జెడ్‌డీ కింద జిల్లా ప్రణాళికా కమిటీలనూ పెట్టుకున్నాం. ఈ రెండింటి నడుమ ఊరి మాట నడిచే దారి మాత్రం వేయలేదు.

ఇప్పుడు రెండు రాష్ట్రాల చేతుల్లోనూ 2047 పత్రాలున్నాయి. స్వర్ణాంధ్ర 2047 తయారీలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజల సూచనలు ఆహ్వానించింది. తెలంగాణ రైజింగ్ 2047 పేరుతో తెలంగాణ తన పత్రం తెచ్చింది. సూచన పంపడం వేరు, ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించడం వేరు. ఈ పత్రాలను రాసినవాళ్లు మండలానికి ఒక చోటైనా కౌలురైతులు, కూలీలు, ఊరి ఆడవాళ్లు కూర్చున్న జ్యూరీ ముందు సాక్షులుగా నిలబడాలి. వాళ్లతో విభేదించే వారినీ అదే సభకు పిలవాలి. తీర్పు ఏదైనా జిల్లా ప్రణాళికా కమిటీ దాన్ని చర్చకు తీసుకుని, ఒప్పుకోని చోట కారణం రాతపూర్వకంగా చెప్పాలి. దీనికి కొత్త చట్టం కోసం ఆగాల్సిన పని లేదు. గ్రామసభలపై పనిచేసే పరిశోధక మిత్రులకు ఒక విజ్ఞప్తి: ఇకపై ఏ ఊరికి వెళ్లినా తీర్మానాల పుస్తకం తెరిచే ముందు, ఆ సభకు పంపిన ఎజెండా కాగితం అడిగి తీసుకోండి.