ఖమ్మం–భద్రాచలం సరిహద్దు అడవుల్లో మెషిన్ గన్, హెలికాప్టర్: ఒక పరిశీలన

తెలంగాణ సాయుధ పోరాటం చివరి దశ గురించి మీరు ఇదివరకే చదివారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత గెరిల్లా దళాలు మైదానం విడిచి గోదావరి అడవుల్లోకి చేరడం, సైన్యం కోయ పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తరలించడం, 1951 అక్టోబరులో పోరాట విరమణ మీకు తెలిసినవే. అప్పటి సైనికుల చేతిలో బ్రెన్ గన్ ఉంది, హెలికాప్టర్ లేదు. భారత వైమానిక దళానికి తొలి హెలికాప్టర్ 1954లో గాని రాలేదు. పాల్వంచ అడవిలో గాయపడిన సైనికుణ్ణి రోడ్డు దాకా మోసుకు రావలసిందే. ఆరు దశాబ్దాల తరువాత దాదాపు ఇదే అడవిలో రెండూ కనిపిస్తాయి. అవి ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేశాయో ఈ భాగంలో చూద్దాం.

ముందు ప్రాంతం సంగతి. భద్రాచలం తాలూకా 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు మండలాల అడవి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాలు వస్తాయి. హద్దుకు ఇటూ అటూ ఉన్నది కోయ పల్లెలే. సరిహద్దు మావోయిస్టులకు అడ్డం కాలేదు గాని, పోలీసులకు చాలాకాలం అడ్డమే అయింది. అందుకే సంయుక్త బలగాల పద్ధతి వచ్చింది. మన వైపు నుంచి 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్, అటు నుంచి ఛత్తీస్‌గఢ్ పోలీసులు, కేంద్రం నుంచి సి.ఆర్.పి.ఎఫ్., దానిలో భాగమైన కోబ్రా కమాండోలు, పైన వైమానిక దళం, బి.ఎస్.ఎఫ్. హెలికాప్టర్లు కలిసి పనిచేశాయి.

బలగాలు వాడిన మెషిన్ గన్‌లలో రెండు రకాలను గమనించండి. ఇన్సాస్ ఎల్.ఎం.జి. 5.56 మిల్లీమీటర్ల తూటాలు కాలుస్తుంది. ఖాళీగా 6 కిలోలు పైచిలుకు బరువు, 30 తూటాల మ్యాగజైన్. ఒక్క మనిషి మోసుకుని నడవగలడు. బెల్టుతో తూటాలు అందుకునే మాగ్ 7.62 మిల్లీమీటర్లది, దాదాపు దానికి రెట్టింపు బరువు. నిమిషానికి 650 నుంచి 1,000 తూటాల వేగంతో కాలుస్తుంది. అయితే ఆ బెల్టులు మోయడానికే వేరే మనుషులు కావాలి. పైగా దట్టమైన అడవిలో చూపు ఆనే దూరం తక్కువ. తుపాకీ ఎంత దూరం కాల్చగలదన్నది అక్కడ పెద్దగా పనికిరాదు. ఎదుటివాడు ఏ దారిన వస్తాడో, ఏ వాగు ఎక్కడ దాటుతాడో ముందే తెలిసినవాడికే మెషిన్ గన్ బలం. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ ప్రయాణిస్తున్న పడవపై కొండ మీది నుంచి దాడి జరిగి 38 మంది చనిపోయారు. పడవకు దారి ఒక్కటే. దాడి చేసినవారికి ఆ దారి తెలుసు.

తుపాకీకి ఇంకో గుణం ఉంది: అది చేతులు మారుతుంది. 2010 ఏప్రిల్ 6న సుక్మా ప్రాంతంలోని తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు మరణించినప్పుడు వారి ఎల్.ఎం.జి.లు కూడా మావోయిస్టులకు చిక్కాయి. ప్రభుత్వం కొన్న తుపాకీ ప్రభుత్వ బలగాల మీదికే తిరిగింది. హెలికాప్టర్ అలా చేతులు మారేది కాదు.

మరి హెలికాప్టర్ ఎందుకు వచ్చింది? శత్రువును పైనుంచి కాల్చడానికి అనుకుంటే పొరపాటు. అసలు కారణం మందుపాతర. రోడ్డు కింద మందుపాతర ఉందేమోనన్న భయంతో వాహనాలు ఆగిపోయాయి, బలగాలు కాలినడకకు దిగాయి. రెండు రోజుల నడకను హెలికాప్టర్ కొద్ది నిమిషాలకు తగ్గించింది. మి-17 వి5 రకం 36 మందిని ఎక్కించుకుని గంటకు 250 కిలోమీటర్ల వరకు పోగలదు. కాని దాని పై రెక్కల వ్యాసమే 21 మీటర్లు దాటుతుంది. దిగాలంటే చెట్లు లేని జాగా కావాలి. అడవిలో అలాంటివి కొన్నే ఉంటాయి: పొలం, బడి ముందు మైదానం, వాగు ఇసుక. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో రెండు పక్షాలకూ తెలుసు. ఆకాశంలో ఎవరికీ అందని యంత్రం నేలకు దగ్గరపడే కొద్దీ తుపాకీకి దొరికిపోతుంది.

2008 నవంబరులో బీజాపూర్ జిల్లా పీడియా దగ్గర ఎన్నికల సిబ్బందిని, ఓటింగ్ యంత్రాలను తీసుకొస్తున్న వైమానిక దళ హెలికాప్టర్‌పై కాల్పులు జరిగి ఫ్లైట్ ఇంజనీర్ చనిపోయారు. 2013 జనవరి 18న సుక్మాలో తూటాలు తగిలిన మి-17 తిమిల్‌వాడ దగ్గర దిగిపోయింది. సిబ్బంది నడిచి చింతగుఫా శిబిరం చేరారు. గాయపడిన వైర్‌లెస్ ఆపరేటర్ హెలికాప్టర్‌లోనే ఉండిపోయాడు. అతణ్ణి తరువాత కాపాడారు గాని, అలా వదిలి రావచ్చా అన్న వివాదం చాలా రోజులు నడిచింది. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 16న, మన సరిహద్దుకు ఆవల 9 మంది మావోయిస్టులు మరణించిన ఎదురుకాల్పుల తరువాత తిరిగి వెళ్లడానికి హెలికాప్టర్ కోసం చూస్తున్న గ్రేహౌండ్స్‌పై కాల్పులు మొదలయ్యాయి. సహచరులు ఎక్కేందుకు అడ్డుగా నిలిచిన రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రసాద్ బాబు ప్రాణాలు కోల్పోయారు. ఆయనకు మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. ఈ మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి.

వియత్నాంలో అమెరికా, దాని మిత్ర దళాలు హెలికాప్టర్ తలుపుల్లో ఎం60 మెషిన్ గన్‌లు బిగించి కిందికి విచ్చలవిడిగా కాల్చాయి. అయినా ఆ యుద్ధంలో సుమారు 5 వేల హెలికాప్టర్లు నాశనమయ్యాయి. మన దగ్గర హెలికాప్టర్‌కు మెషిన్ గన్ బిగించినా, ఆత్మరక్షణకు తప్ప కాల్చరాదన్నది నియమం. పీడియా ఘటన తరువాతే ఆ మేరకు అనుమతి ఇచ్చారు. కింద ఉన్నది పరాయి దేశం కాదు. పీడియాలో ఆ హెలికాప్టర్ మోసుకొస్తున్నది ఆ పల్లెల ఓట్లనే. యుద్ధతంత్రం కన్నా రాజ్యాంగం ఈ నియమాన్ని ఎక్కువగా నిర్ణయించిందని నా అభిప్రాయం.

నియమం ఎంతవరకు నిలిచిందన్నది వివాదాస్పదం. 2023 జనవరి 11న తెలంగాణ–ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో హెలికాప్టర్ నుంచి దిగుతున్న కోబ్రా బృందంపై కాల్పులు జరిగాయని సి.ఆర్.పి.ఎఫ్. ప్రకటించింది. ఆకాశం నుంచి బాంబులు వేశారని మావోయిస్టు పార్టీ ఆరోపించింది. పోలీసులు దాన్ని ఖండించారు. చరిత్ర విద్యార్థి ఏ ప్రకటన ఎవరిది, ఎప్పటిది అని ముందు రాసుకోవాలి. తరువాత ఆ పల్లె మనిషి ఏమన్నాడో వెతకాలి. రెండు ప్రకటనల్లోనూ తరచు కనబడనిది ఆ మాటే.

2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 వరకు వెంకటాపురం, వాజేడు వైపున ఉన్న కర్రెగుట్టల్లో సాగిన ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మండు వేసవిలో హెలికాప్టర్లు చేసిన పనిలో ఎండదెబ్బ తగిలిన జవాన్లను కిందికి దించడం కూడా ఉంది.

చర్లకు ఎగువన బీజాపూర్ జిల్లాలో పామేడు అనే ఊరుంది. అక్కడి పోలీసు స్టేషన్‌కు చాలాకాలం సరుకులు హెలికాప్టర్‌లోనే వచ్చేవి. ఊరివాళ్లు తమ జిల్లా కేంద్రానికి పోవాలంటే చర్ల మీదుగా తెలంగాణ చుట్టి వెళ్లేవారు. ఇటీవల కొత్త శిబిరాలతో పాటు రోడ్డు వేశారు. ఇప్పుడు పామేడుకు బీజాపూర్ వైపు నుంచి బస్సు వస్తోంది.