వకాల్తా మీద వేలిముద్ర

మా గుంటూరు కోర్టులో వకాల్తా ఫారం చదివి సంతకం పెట్టే పార్టీని చూడటం అరుదు. గుమాస్తా వేలితో చోటు చూపిస్తాడు, వాళ్లు సంతకమో వేలిముద్రో వేసేస్తారు. పైన చిన్న అచ్చులో ఉండేది మాత్రం చిన్న విషయం కాదు. దావా నడపడానికి, రాజీ పడటానికి, కోర్టులో జమైన డబ్బు తీసుకోవడానికి కూడా వకీలుకు అధికారం ఇచ్చేస్తున్నామని ఉంటుంది. ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషిని వకీలు ముంచితే అడిగేదెవరు? ఈ ప్రశ్నకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

బెంగాల్‌లో 1793 నాటి ఏడో రెగ్యులేషన్ వకీళ్ల నియామకాన్ని సదర్ దివానీ అదాలత్‌కు అప్పగించింది. ఫీజు ఎంతో కూడా కంపెనీ ప్రభుత్వమే కట్టడి చేసింది. 1879 లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం వచ్చాక జిల్లాల్లో ప్లీడరు మీద ఆరోపణ వస్తే కింది కోర్టు విచారించి పైకి నివేదిక పంపేది. ఆపాలో, తొలగించాలో హైకోర్టు తేల్చేది. మన కోస్తా ప్లీడర్ల తలరాత అలా మద్రాసులో తేలేది. శిక్షించేది జడ్జి, శిక్ష పడేది ప్లీడరుకు. మధ్యలో పార్టీ సాక్షి మాత్రమే.

1926లో రెండు చట్టాలు వచ్చాయి. బార్ కౌన్సిళ్ల చట్టం విచారణలో వకీళ్లకు చోటిచ్చింది, తుది మాట మాత్రం హైకోర్టుదే. ఫీజుల చట్టం ఐదో సెక్షను, వకీలైనంత మాత్రాన అజాగ్రత్త వల్ల కలిగిన నష్టానికి దావా నుంచి తప్పించుకోలేడని చెప్పింది. మొదటిదాన్ని అందరం గుర్తుపెట్టుకున్నాం, రెండోదాన్ని మా వాళ్లే మరిచిపోయారు. తోటి వకీలు మీద దావా వేయమంటే ఊళ్లో ఎవరు ముందుకొస్తారు?

1961 అడ్వకేట్ల చట్టంతో శిక్షించే అధికారం వకీళ్ల చేతికే వచ్చింది. క్రమశిక్షణ కమిటీలో ముగ్గురూ న్యాయవాదులే. ఫిర్యాదు కొట్టేయడం, మందలించడం, కొంతకాలం ఆపడం, రోల్ నుంచి పేరు తీసేయడం, 35వ సెక్షను కింద వాళ్లు చేయగలిగినవి ఇవే. ఏడాదిలో తేల్చకపోతే కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్లిపోతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ కేసు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. చదువురాని ముసలి రైతు. భూసేకరణ పరిహారం కింద కోర్టులో జమైన 8,118 రూపాయలను ఆయన వకీలు 1987లో తీసుకుని ఇవ్వలేదు. 1988లో రైతు ఫిర్యాదు చేశాడు. రాజీ అయిపోయిందంటూ ఆయన పేరుతో ఒక అఫిడవిట్ కూడా దాఖలైంది. అది నాది కాదని రైతు చెప్పాడు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మూడేళ్లు ఆపితే చాలనుకుంది. వకీలు అప్పీలుకెళితే, శిక్ష ఎందుకు పెంచకూడదని సుప్రీంకోర్టే నోటీసిచ్చి, 2002 జనవరిలో రోల్ నుంచి పేరు తీసేయించింది. పధ్నాలుగేళ్లు! న్యాయం జరిగిందనే అంటాను, కానీ ఆ వయసు మనిషికి పధ్నాలుగేళ్లంటే ఏమిటో ఆలోచించండి.

డబ్బు తినేయడం సరే, వాయిదాకు పోకపోతే? 1963లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: వట్టి అజాగ్రత్త దుష్ప్రవర్తన కాదు, దానిలో నైతిక పతనం ఉండాలి. చిన్న పొరపాటుకు ఎవరి బతుకూ పోకూడదు, నిజమే. అయినా దావా డిఫాల్ట్‌లో పోయి పొలం పోగొట్టుకున్నవాడికి వకీలు మనసులో ఏముందో తెలిసి ఏం లాభం? 1981లో అదే కోర్టు ఇంకో దారి చూపింది. వకీలు రాక అలహాబాద్ హైకోర్టులో కొట్టేసిన అప్పీలును తిరిగి నిలబెట్టి, ఖర్చుల కింద 200 రూపాయలు ఆ రాని వకీలు దగ్గరే వసూలు చేయమంది. పల్లెటూరి పార్టీ హైకోర్టు చుట్టూ కాపలా తిరగనక్కర్లేదన్న ఆ తీర్పంటే నాకు గౌరవం.

2024 మే 14న వకీళ్లు వినియోగదారుల చట్టం కిందికి రారని సుప్రీంకోర్టు తేల్చింది. వృత్తి స్వాతంత్ర్యం దృష్ట్యా ఆ తీర్పును నేనూ సమర్థిస్తాను. అలాగైతే మా ఇల్లు మేమే చక్కబెట్టుకోవాలి. 35వ సెక్షనులో వకీలుకు శిక్ష ఉంది, పార్టీకి నష్టం కట్టించే మాట లేదు. ఆ ఒక్క మాట చేర్చమని మా సంఘాలే తీర్మానం చేసి పార్లమెంటుకు పంపాలి.